ఫిజీ పల్లెలో సముద్రం ఒడ్డున లోవో విందు: వెళ్లే ముందు నుంచి సెలవు తీసుకునే దాకా ఏం చేయాలి

సిడ్నీ, మెల్‌బోర్న్, ఆక్లండ్‌ల నుంచి మనవాళ్లు చాలామంది సెలవులకు ఫిజీ వెళ్తుంటారు. వాళ్ల దగ్గర నుంచి వచ్చే ప్రశ్నలు ఎప్పుడూ అవే. పల్లెలో లోవో విందుకు పిలిచారు, ఏం పట్టుకెళ్లాలి? శాకాహారులకు తినడానికి ఏమైనా ఉంటుందా? ఆ మట్టిరంగు నీళ్లు తాగకపోతే తప్పుగా అనుకుంటారా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

లోవో అంటే నేలలో గొయ్యి తవ్వి, రాళ్లను ఎర్రగా కాల్చి, వాటి వేడి మీద దుంపలు, చేపలు, మాంసం పెట్టి, ఆకులతో, మట్టితో మూసి మగ్గించే వంట. రిసార్టుల్లో వారానికోసారి ‘లోవో నైట్’ పెడతారు. రుచి చూడటానికి అది చాలు. పల్లెలో జరిగేది వేరు. అక్కడ రాళ్లు ఏరేవాళ్లు, ఆకులు కోసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, తినేవాళ్లు అందరూ ఒకటే జనం. ఊరంతా కలిసి చేసే పనిని అక్కడ సొలెసొలెవాకి అంటారు. మీరు ఆ పనిలో ఒక చెయ్యి వేయాలి. భోజనం వేళకు కాకుండా గొయ్యి తవ్వే వేళకు చేరుకోండి. ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన సలహా అదే.

పలకడం గురించి ఒక చిన్న మాట. బోర్డు మీద ‘నాడి’ అని రాసి ఉన్న ఊరి పేరు నాండి. ఫిజీ స్పెల్లింగులో ‘డి’ అక్షరాన్ని ‘ండ్’ అని, ‘బి’ అక్షరాన్ని ‘మ్బ్’ అని, ‘సి’ అక్షరాన్ని మెత్తటి ‘ద’ అని, ‘క్యూ’ అక్షరాన్ని ‘ంగ్’ అని పలుకుతారు. కింద నేను చాలావరకు వాళ్లు పలికినట్టే రాస్తున్నాను.

కావలసినవి

- యంగోనా వేర్లు, సుమారు అరకిలో కట్ట. మనం కావా అని వినేది దీన్నే. పైన చెప్పిన మట్టిరంగు నీళ్లు ఈ వేర్ల పొడి కలిపినవే.
- సులు, అంటే నడుముకు చుట్టుకునే బట్ట. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదే. మోకాళ్లు దాటాలి. మన లుంగీ అయినా సరిపోతుంది.
- భుజాలు కప్పే చొక్కా లేదా టాప్.
- ఇంటివాళ్లకు ఇవ్వడానికి బియ్యం, పంచదార, టీపొడి, పిండి, చేపల డబ్బాలు. చిన్న దీవుల్లో దుకాణం అందుబాటులో ఉండదు కాబట్టి ఇవి బాగా పనికొస్తాయి.
- పనికి వెళ్తున్నారు కాబట్టి పాత చెప్పులు, టార్చిలైటు, దోమల మందు, తాగే నీళ్లు.

ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు, విత్తనాలు తీసుకెళ్లాలని చూడకండి. ఫిజీ విమానాశ్రయంలో బయోసెక్యూరిటీ తనిఖీ గట్టిగా ఉంటుంది. తినే వస్తువు ఏదున్నా ఫారంలో రాయాల్సిందే. కొనేదేదో నాండి బజారులోనో లౌతోకా బజారులోనో కొనుక్కోండి.

1. పిలుపు ఉంటేనే వెళ్లండి

ఫిజీలో పల్లె అంటే ఎవరైనా తిరిగే చోటు కాదు. అక్కడి భూమి, ఎదురుగా ఉన్న సముద్రంలో చేపలు పట్టే హక్కు కూడా తరతరాలుగా ఆ వంశాలవే. వాళ్ల చేపల నీళ్లను గోలింగోలి అంటారు. తెలిసినవాళ్లు పిలిస్తే సరే. లేకపోతే యసావా దీవుల్లోనో, కండావు దీవిలోనో పల్లె కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలో దిగండి. వాళ్లే మిమ్మల్ని ఊరి పెద్ద దగ్గరికి తీసుకెళ్తారు. యసావా దీవులకు నాండి పక్కనున్న డెనరావు రేవు నుంచి రోజూ పడవ ఉంటుంది.

మాంసం తినకపోతే ఆ సంగతి పిలిచిన రోజే చెప్పండి. గొయ్యి మూసేశాక చెబితే అందరికీ ఇబ్బంది. ‘అవు సెంగా ని కానియా’ అంటే ‘నేను తినను’. దాని తర్వాత తినని పదార్థం పేరు చేర్చాలి. గొడ్డుమాంసాన్ని బులుమకౌ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద అవసరం పడుతుంది.

2. రోజు, పోటు సమయం చూసుకోండి

ఆదివారం వద్దు. ఎక్కువ పల్లెలు మెథడిస్టు క్రైస్తవులవి, ఆ రోజు చర్చి, విశ్రాంతి. ఈత, ఆటలు, గోల ఏవీ నచ్చవు. చర్చికి రమ్మని, ఆ తర్వాత భోజనానికి ఉండమని వాళ్లే పిలిస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి. మామూలుగా శనివారం అనుకూలం. మే నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుపాన్లు.

ఒడ్డున లోవో పెడితే పోటు వేళ ఎప్పుడో అడగండి. స్థలం వాళ్లే ఎంచుకుంటారు. మీకు ఆ వేళ తెలిస్తే పడవ ఎప్పుడు తేలుతుందో, మీ తిరుగు ప్రయాణం ఎప్పుడో తెలుస్తుంది.

3. యంగోనా కొనండి

బజారులో పొడి, వేర్లు రెండూ దొరుకుతాయి. పొడి ఇంట్లో తాగడానికి. ఊరి పెద్ద ముందు పెట్టడానికి వేర్లే కావాలి. వాటిని వాకా అంటారు. ‘సెవుసెవు కోసం’, అంటే ఊరి పెద్ద దగ్గర అనుమతి అడగడానికి అని చెబితే కాగితంలో చుట్టి, తాడు కట్టి ఇస్తారు. వేర్లు గట్టిగా, పొడిగా ఉండాలి. బూజు వాసన వస్తే తీసుకోకండి.

ఈ బజారుల్లో హిందీ బాగా పనిచేస్తుంది. 1879 నుంచి కలకత్తా ఓడల్లోను, 1903 నుంచి మద్రాసు ఓడల్లోను చెరకు తోటల్లో పనికి వెళ్లినవారి మనవలు, మునిమనవలు అక్కడ అంగళ్లు నడుపుతున్నారు. మద్రాసు ఓడలెక్కినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. దక్షిణాదివాళ్లు 1926లో నాండిలో పెట్టుకున్న సంగం ఇప్పటికీ బళ్లు, గుళ్లు నడుపుతోంది. మీరు తెలుగువాళ్లని తెలిస్తే ఏ అంగడిలోనైనా కాసేపు కబుర్లు ఖాయం. ఆ కబుర్లలోనే మంచి వాకా ఏదో అడిగి తెలుసుకోండి.

4. సెవుసెవు: అనుమతి అడగడం

ఊళ్లోకి అడుగు పెట్టగానే మొదటి పని ఇదే. ఈత, ఫోటోలు, గొయ్యి దగ్గరికి వెళ్లడం అన్నీ దీని తర్వాతే.

ఊరి హద్దులోకి వచ్చేముందే టోపీ, చలువ కళ్లద్దాలు తీసేయండి. సంచి భుజానికి తగిలించకుండా చేతిలో పట్టుకోండి. ఇంటి గడప బయట చెప్పులు విప్పండి. లోపల చాప మీద మగవాళ్లు బాసింపట్టు వేసుకుని, ఆడవాళ్లు కాళ్లు ఒక పక్కకు మడిచి కూర్చోవాలి. కాళ్లు ముందుకు చాపకండి.

కట్టను చేతికి ఇవ్వకూడదు. ఊరి పెద్ద లేదా తురాంగా ని కోరో ముందు చాప మీద పెట్టాలి. తురాంగా ని కోరో ఊరి పనులు చూసే మనిషి. మిమ్మల్ని తీసుకొచ్చినవారు మీ తరపున మాట్లాడతారు. మీరే మాట్లాడాల్సి వస్తే మీ పేరు, ఏ దేశం నుంచి వచ్చారు, ఎందుకొచ్చారు, ఈ మూడూ చెప్పండి. ఇంగ్లీషులో చెప్పినా పరవాలేదు. ఆయన కట్టను అందుకుని మాట్లాడి, దోసిలి చప్పట్లు కొడితే మీకు అనుమతి దొరికినట్టే.

అనుమతి దొరకకపోతే? ఊళ్లో ఎవరైనా చనిపోయి ఉండవచ్చు, లేదా ఆ నీళ్లకు తంబు పెట్టి ఉండవచ్చు. అంటే కొంతకాలం అక్కడ చేపలు పట్టకూడదని కట్టడి. అలాంటప్పుడు బతిమాలకుండా మరో రోజు అడగండి.

5. గొయ్యి, రాళ్లు, మంట

ఇక మీ చేతుల పని మొదలు. గొయ్యి సుమారు మీటరు వెడల్పు, మోకాలి లోతు ఉంటే పాతికమంది దాకా సరిపోతుంది. పోటు గీతకు బాగా పైన తవ్వాలి. అడుగున తేమ ఊరుతుంటే రాళ్ల వేడి అంతా ఆవిరైపోతుంది, పైన పెట్టిన దుంపలు పచ్చిగా మిగులుతాయి.

రాళ్లు పిడికిలి నుంచి రెండు పిడికిళ్ల పరిమాణంలో ఉండాలి, అగ్నిపర్వత శిలలైతే మేలు. నీళ్లలోంచి అప్పుడే తీసిన రాళ్లు వేయకండి. లోపలి నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి. ఏ రాళ్లు వాడాలో ఊరివాళ్లకు తెలుసు. ఉత్సాహంగా వెళ్లి ఒడ్డున దొరికిన గులకరాళ్లు తెచ్చి పడేసేది ఎప్పుడూ అతిథులే. అడగకుండా రాయి కలపకండి. పిల్లల్ని మంటకు దూరంగా ఉంచండి.

అడుగున కట్టెలు, కొబ్బరి డొక్కలు పేర్చి, వాటి మీద రాళ్లు పెట్టి అంటిస్తారు. గంట, గంటన్నర మండాలి. రాళ్ల మీది నల్లటి మసి కాలిపోయి తెల్లగా మారితే సిద్ధమైనట్టు. మసి ఉండగానే తొందరపడితే వంట సగంలో ఆగిపోతుంది.

తర్వాత కాలని కట్టెలన్నీ లాగేయాలి. ఒక్క కొరకంచు మిగిలినా పొగ లోపలే తిరిగి తిండి చేదెక్కుతుంది. రాళ్లను పచ్చి కర్రతో సమంగా సర్దుతారు. ఈ పని అలవాటున్నవాళ్లకే వదిలేయండి.

6. మంట కాలుతుండగా చుట్టడం, కోయడం

అతిథులకు బాగా పనికొచ్చే ఘట్టం ఇది. ఆడవాళ్ల పక్కన కూర్చుని అడిగి నేర్చుకోండి.

దాలో: ఇది చేమదుంపల జాతిదే, కానీ పెద్దది, ఒక్కోటి కిలో కూడా తూగుతుంది. చెక్కు తీసి నిలువునా రెండు చేస్తారు. చెక్కు తీసేటప్పుడు చేతులు దురద పెడితే కంగారు పడకండి. ఉడికాక ఆ గుణం పోతుంది.

తవియోకా: మన కర్రపెండలం. సగం ఉడికింది ఎప్పుడూ తినకూడదు, అందులో విషపదార్థం ఉంటుంది. బాగా ఉడికితే భయం లేదు. వీటితో పాటు కుమలా అనే చిలగడదుంప, ఉవి అనే పెండలం వేస్తారు.

పలుసామి: శాకాహారులకు పండగ ఇదే. లేత చేమాకులు మూడు నాలుగు ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు వేసి, మూటలా మడిచి అరటాకులోనో అల్యూమినియం రేకులోనో చుడతారు. ఇక్కడ జాగ్రత్త. చాలా ఇళ్లలో దీనిలో డబ్బా గొడ్డుమాంసం కలుపుతారు. పైకి చూస్తే తెలియదు. మీకోసం విడిగా నాలుగు మూటలు చుట్టి, వాటికి మాత్రం ఒక నార ముడి వేయమని అడగండి. ‘సెంగా నా బులుమకౌ’ అంటే గొడ్డుమాంసం లేదని.

చేపలు, కోళ్లు, పంది: ఉప్పు, వెల్లుల్లి పట్టించి, కొబ్బరి మట్టలతో అల్లిన బుట్టల్లో పెడతారు. ఆ బుట్ట అల్లడం నేర్పమంటే పిల్లలు కూడా నేర్పుతారు.

కొకొండా: దీనికి నిప్పు అక్కర్లేదు. వాలు చేప వాడతారు. అది మన వంజరమే. ముక్కలు మునిగేలా నిమ్మరసం పోసి, మాంసం తెల్లబడేదాకా కనీసం రెండు గంటలు ఉంచాలి. రసం వంపేసి కొబ్బరిపాలు, ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి కలపాలి. ముక్క కోసి చూడండి. మధ్యలో గాజులా మెరుస్తుంటే ఇంకా నానాలి. నిమ్మరసం చేపను గట్టిపరుస్తుందే కానీ క్రిములన్నిటినీ చంపదు. అందుకే ఆ పూట పట్టిన చేపే వాడాలి. గర్భిణులు, చిన్నపిల్లలు తినకపోవడం మంచిది.

7. పేర్చడం, మూయడం

వేడి రాళ్ల మీద ముందు పచ్చి కొబ్బరి మట్టలో అరటి బోదె ముక్కలో వేస్తారు, తిండి మాడకుండా. అడుగున దుంపలు, పెద్ద మాంసం ముక్కలు. వాటిపైన కోళ్లు, చేపలు. అన్నిటికంటే పైన పలుసామి. శాకాహారం పైవరసలో ఉంటుంది కాబట్టి మాంసం రసం దాని మీద కారదు. అయినా మీ మూటలు రేకులో చుట్టించుకుంటే నిశ్చింత.

పైన అరటాకులు, వాటి మీద తడి గోనెసంచులు, చివర మట్టి. ఇదంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. అప్పుడు అందరూ పరుగెత్తుతారు, మీరూ ఆకులు అందించండి. మూసిన తర్వాత చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడైనా ఆవిరి సన్నగా లేస్తుంటే అక్కడ మరో చేటెడు మట్టి వేయాలి. ఆవిరి పోతే వేడి పోయినట్టే.

చేపలు, కోళ్లే అయితే గంటన్నర. పంది, పెద్ద దుంపలు ఉంటే రెండున్నర గంటలు, మూడు గంటలు. మధ్యలో తెరిచి చూడటం అనేదే లేదు. తెరిస్తే మళ్లీ అంత వేడి రాదు.

8. తెరిచాక ఉడికిందో లేదో చూడండి

మట్టిని ముందు పక్కలకు తోసి, ఆ తర్వాతే సంచులు ఎత్తాలి. నేరుగా లాగితే ఇసుకంతా తిండిలో పడుతుంది. మొదటి ఆవిరికి మొహం అడ్డు పెట్టకండి.

- దాలో: కత్తి గుచ్చితే ఎక్కడా తగలకుండా దిగాలి. నోట్లో పెట్టుకుంటే గొంతు దురద పెడితే అది ఉడకలేదు. ఊసేసి పక్కన పెట్టండి.
- పలుసామి: ఆకు ముద్దలా అయి, కొబ్బరిపాలు పెరుగులా గట్టిపడి ఉండాలి. ఆకు ఈనె కరకరలాడితే తినకండి.
- కోడి: తొడ దగ్గర కోస్తే కారే రసంలో ఎరుపు ఉండకూడదు.

ఉడకనివి పారేయక్కర్లేదు. ఇంట్లో కుండలో నీళ్లు పోసి మళ్లీ ఉడికిస్తారు.

9. కూర్చోవడం, తినడం

చాపల మీద పొడుగ్గా బట్ట పరిచి వడ్డిస్తారు. మిమ్మల్ని పెద్దల దగ్గర, మంచి ముక్కలున్న చోట కూర్చోబెడతారు. ముందు మాసు, అంటే ప్రార్థన. అది ముగిసేదాకా ఏదీ ముట్టుకోకండి. మీ మతం ఏదైనా తల వంచుకుని మౌనంగా ఉంటే చాలు. ఆ తర్వాత చేత్తో తినండి. మనకు ఈ ఒక్క విషయంలో ఏ టెన్షనూ లేదు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చాలా పల్లెల్లో అతిథులు, పెద్దలు తిన్నాకే వండిన ఆడవాళ్లు, పిల్లలు కూర్చుంటారు. మీ ముందున్నది మీ ఒక్కరికే పెట్టింది కాదు, వెనక తినేవాళ్ల వాటా కూడా అందులోనే ఉంది. మీరు మొహమాటానికి అన్నీ ఖాళీ చేస్తే వాళ్లకు తోకలు, ముళ్లు మిగులుతాయి. కడుపు నిండా తినండి, కానీ ప్రతి పళ్లెంలోనూ మంచి ముక్కలు వదలండి. వాళ్లు ‘ఇంకా తిను, ఇంకా తిను’ అంటూనే ఉంటారు. ‘వినాకా, మమావు’ అంటే చాలు, కడుపు నిండిందని అర్థం.

మరికొన్ని జాగ్రత్తలు:

- కూర్చున్నవాళ్ల ముందు నుంచి వెళ్లాల్సి వస్తే నడుము వంచి ‘తులోవు’ (క్షమించండి) అంటూ వెళ్లండి. వాళ్ల తల మీదుగా ఏదైనా అందుకోవాలన్నా ఇదే మాట.
- ఎవరి తలా ముట్టుకోకండి, ముద్దొచ్చే పిల్లలదైనా సరే.
- ఇంట్లో ఉన్న వస్తువును పదే పదే మెచ్చుకోకండి. అడిగినదాన్ని కాదనకుండా ఇచ్చే కెరెకెరె అనే పద్ధతి వాళ్లది. మీరు మెచ్చుకున్న చాప మీ చేతికే రావచ్చు.
- మందు సీసాలు తీసుకెళ్లకండి. చాలా పల్లెల్లో నిషేధం.

10. తనోవా చుట్టూ

తనోవా అంటే కాళ్లున్న కర్ర పాత్ర. అందులో యంగోనా కలుపుతారు. మ్బిలో, అంటే కొబ్బరి చిప్పతో చేసిన గిన్నె, మీ దగ్గరికి వచ్చినప్పుడు దోసిలిలా చేతులు వంచి ఒకసారి చప్పట్లు కొట్టి, ‘బులా’ అని, ఆపకుండా ఒక్క గుక్కలో తాగి, చిప్ప తిరిగి ఇచ్చి మూడుసార్లు కొట్టండి. ఊరిని బట్టి చిన్న తేడాలుంటాయి, పక్కవారిని చూసి చేయండి. పెద్దల కంటే ముందు అందుకోకండి, తనోవా వైపు కాళ్లు పెట్టకండి.

నాలుక కాస్త మొద్దుబారుతుంది. అది మామూలే. ఎక్కువ తాగలేకపోతే ‘లో టైడ్’ అనండి, సగమే పోస్తారు. కాలేయ జబ్బు ఉన్నా, నిద్రమాత్రలు వాడుతున్నా, గర్భవతి అయినా, పాలిచ్చే తల్లి అయినా అసలు తాగకండి. డాక్టరు వద్దన్నారని నెమ్మదిగా చెప్పి, చిప్ప వచ్చినప్పుడు చప్పట్లు మాత్రం కొట్టండి. ఎవరూ తప్పు పట్టరు. తాగినవాళ్లు ఆ రాత్రి బండి, పడవ నడపకండి. మద్యంతో కలపకండి.

పాట, గిటారు మొదలయ్యాక తరలలా ఆటకు చెయ్యి పట్టి లాగుతారు. లేచి వెళ్లండి. అడుగులు రాకపోయినా ఏమీ అనుకోరు, లేవకపోతే మాత్రం చిన్నబుచ్చుకుంటారు.

11. సెలవు తీసుకోవడం

వచ్చేటప్పుడు అనుమతి అడిగినట్టే వెళ్లేటప్పుడూ అడగాలి. దాన్ని ఇతతౌ అంటారు. కొంచెం యంగోనా మిగుల్చుకుని ఉంటే అప్పుడు పెట్టండి. లేకపోతే ఊరి పెద్ద దగ్గర కూర్చుని ‘వినాకా వకలెవు’ (చాలా ధన్యవాదాలు) అని చెప్పి లేవండి.

బియ్యం, పంచదార సంచులు ఇంటివారికో తురాంగా ని కోరోకో ఒక్కచోట ఇవ్వండి. పిల్లలకు డబ్బులు, చాక్లెట్లు పంచకండి. హోమ్‌స్టే అయితే లెక్క ముందే తేల్చుకోండి, విందు మధ్యలో పర్సు తీయకండి. ఫోటోలు తీసుకుని ఉంటే ప్రింట్లు వేయించి ఆ ఇంటికి పోస్టులో పంపండి.

మీరు వద్దన్నా ఆకులో చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెడతారు. తీసుకోండి. చేప ఉంటే ఆ రాత్రే తినేయాలి. దాలో మర్నాటికి గట్టిపడుతుంది. పల్చటి ముక్కలుగా కోసి, నూనెలో ఎర్రగా వేపి, ఉప్పుకారం చల్లుకుంటే పొద్దున్న టిఫిన్‌కు సరిపోతుంది.